ఆరుగురున్న ఇంట్లో నలుగురికి కోవిడ్: వైరస్ ఏ దారిన వచ్చింది, ఎక్కడ ఆగింది

ఇది ఒక ఇంటి కేసు. ఆరుగురు మనుషులు, నలుగురికి పాజిటివ్. అందులో ఒకాయనకి సీరియస్ అయ్యే రిస్క్ బాగా ఉన్నా ఆస్పత్రి మెట్లెక్కకుండానే తేరుకున్నారు. గుర్తుపట్టే వీలు లేకుండా వయసులు, కొన్ని వివరాలు మార్చాను, వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఒమిక్రాన్ వచ్చాక జరిగిన సంగతి, అంటే చాలామందికి కనీసం రెండు డోసులు పడి, "ఆ, జలుబేగా" అనుకోవడం మొదలైపోయిన కాలం.

ఇంట్లో ఎవరెవరున్నారంటే: 40 దాటిన ఉద్యోగి, ఆయన భార్య, 14 ఏళ్ల పెద్దబ్బాయి, 9 ఏళ్ల పాప, 72 ఏళ్ల తండ్రి, 67 ఏళ్ల తల్లి. పెద్దాయనకి ఇరవై ఏళ్లుగా షుగర్, బీపీ. వాడే మందులు మెట్‌ఫార్మిన్ (షుగర్‌కి), ఆమ్లోడిపిన్ (బీపీకి), అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్‌కి). ఈ మూడో మందు, రెండో మందు తర్వాత కథలోకి వస్తాయి, గుర్తుపెట్టుకోండి. రెండు డోసులు వేసుకున్నారు, బూస్టర్ మాత్రం "చూద్దాంలే" అని వదిలేశారు. పెద్దావిడ బూస్టర్ వేయించుకున్నారు, పైగా కొన్ని నెలల ముందే ఒకసారి కోవిడ్ వచ్చి తగ్గింది.

సోమవారం ఉద్యోగి గారు రోజంతా ఒక ట్రైనింగ్‌లో కూర్చున్నారు. కిటికీలు తెరవని హాలు, నిండా జనం. మంగళ, బుధవారాలు మామూలే. గురువారం సాయంత్రం గొంతులో గరగర. మనిషి జాగ్రత్తపరుడే, వెంటనే ఇంట్లో ఉన్న ర్యాపిడ్ కిట్‌తో టెస్ట్ చేసుకున్నారు. నెగెటివ్. హమ్మయ్య అనుకున్నారు అందరూ. ఆ రాత్రి పెద్దాయన గదిలో ఏసీ వేసుకుని, తలుపులు మూసుకుని, ఆయన, భార్య, పాప, పెద్దాయన నలుగురూ దాదాపు మూడు గంటలు క్రికెట్ మ్యాచ్ చూశారు. పెద్దావిడ వేరే గదిలో అప్పటికే పడుకున్నారు, పెద్దబ్బాయి పరీక్షలని పై గదిలో చదువుకుంటున్నాడు. శుక్రవారం ఒళ్లునొప్పులు, శనివారం పొద్దున మళ్లీ టెస్ట్ చేస్తే రెండు గీతలు. ఆదివారం మధ్యాహ్నం భార్యకి గొంతునొప్పి, రాత్రికి పెద్దాయనకి జ్వరం, సోమవారం పాపకి జ్వరం.

పెద్దావిడకీ పెద్దబ్బాయికీ చివరిదాకా ఏమీ కాలేదు, ఒకటికి మూడుసార్లు టెస్ట్ చేసినా నెగెటివే.

శనివారం నుంచి వాళ్లు తీసుకున్న జాగ్రత్తలు నాకు వరసగా చెప్పారు. తలుపు గొళ్లేలు, స్విచ్‌లు బ్లీచింగ్ నీళ్లతో తుడిచారు. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్లు కడిగారు. ఆయన కంచం, గ్లాసు విడిగా పెట్టారు. చేతులకి శానిటైజర్ రాసి రాసి చర్మం పగిలింది. ఇంత చేసినా ఎలా వచ్చింది డాక్టర్ గారూ అని ఆ ఇల్లాలు అడిగినప్పుడు గొంతులో కోపం ఉంది, ఆ కోపం న్యాయమే. ఎందుకంటే 2020లో మనందరికీ నేర్పింది అదే. కానీ ఆ శుభ్రం మొదలయ్యే సరికే జరగాల్సింది గురువారం రాత్రి జరిగిపోయింది, గాలిలో.

కొంచెం వైరస్ సంగతి చెప్పుకోవాలి ఇక్కడ. కోవిడ్ తెచ్చే సార్స్ కోవ్-2 అనేది ఆర్‌ఎన్‌ఏ వైరస్, బయట కొవ్వు పొర, దాని మీద స్పైక్ ప్రోటీన్లు. ఆ స్పైక్ మన కణాల మీద ఉండే ఏస్2 అనే రిసెప్టర్‌కి అతుక్కుని లోపలికి దూరుతుంది. కొవ్వు పొర ఉంది కాబట్టే సబ్బుకి చచ్చిపోతుంది, చేతులు కడుక్కోమనడం అందుకే, అది తప్పేం కాదు, ఇంకా బోలెడు రోగాల్ని ఆపుతుంది కూడా. కాకపోతే కోవిడ్ ఎక్కువగా వచ్చేది చేతి మీంచి కాదు. సోకినవాళ్లు మాట్లాడినా, నవ్వినా, దగ్గినా, ఊరికే ఊపిరి వదిలినా సన్నటి తుంపరలు బయటికి వస్తాయి. పెద్దవి కాసేపట్లో నేల మీద పడిపోతాయి. చిన్నవి మాత్రం మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి, గదిలో ఒకరు సిగరెట్ కాలిస్తే మూల కూర్చున్నవాళ్లకి కూడా వాసన తగులుతుందే, సరిగ్గా అలాగే. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో వేసిన అంచనా ప్రకారం వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి తాకితే సోకే అవకాశం సాధారణంగా పదివేలల్లో ఒకటి కంటే తక్కువ.

ఇది ఒప్పుకోవడానికి ప్రపంచానికి చాలా టైమ్ పట్టింది. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ "కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదు" అని గట్టిగా ట్వీట్ చేసింది. అప్పటికే మార్చి 10న వాషింగ్టన్ రాష్ట్రం స్కాగిట్ కౌంటీలో ఒక గాయక బృందం రిహార్సల్‌కి 61 మంది వచ్చారు, వాళ్లలో ఒకరికి జలుబు లాంటి లక్షణాలు, రెండున్నర గంటలు పాడారు, ఆ ఒకరితో కలిపి 53 మందికి వచ్చింది (33 మందికి టెస్ట్‌లో తేలింది, మిగతావాళ్లవి లక్షణాలని బట్టి), ఇద్దరు చనిపోయారు. 2020 జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాస్తే గానీ చర్చ ఊపందుకోలేదు. ఆ మొదటి ఏడాదిలో జనం బుర్రలో ముద్రపడిపోయిన గొళ్లేలు తుడవడం మాత్రం ఇంకా పోలేదు.

అందుకే నేను పేషెంట్ని "ఎవరిని ముట్టుకున్నారు" అని అడగను. ఎవరితో కలిసి, ఎంతసేపు, ఎలాంటి గదిలో కూర్చున్నారు అని అడుగుతాను. ఈ ఇంట్లో ఆ ఒక్క ప్రశ్నకే గురువారం రాత్రి బయటపడింది. స్ప్లిట్ ఏసీ సంగతి చాలామందికి తెలియదు, అది బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. మూడు గంటలు నలుగురూ ఒకరు వదిలిన గాలి ఒకరు పీల్చారు. ఆ గదిలో ఉన్న ముగ్గురికీ వచ్చింది, లేని ఇద్దరికీ రాలేదు. ఒక్క ఇంటి లెక్క చూపించి సిద్ధాంతం చెయ్యలేం, పెద్దావిడకి అంతకుముందు వచ్చిన కోవిడ్, బూస్టర్ కలిసి కాపాడి ఉండొచ్చు, పాపకి తల్లి నుంచి వచ్చి ఉండొచ్చు కూడా. కానీ వైరస్ సోకని పెద్దావిడా, పెద్దబ్బాయీ అదే గొళ్లేలు పట్టుకున్నారు, అవే స్విచ్‌లు నొక్కారు, గురువారం సాయంత్రం దాకా అదే ఇంట్లో తిరిగారు.

ఇక ఆ నెగెటివ్ టెస్ట్. నా లెక్కలో ఈ కేసులో అసలు దెబ్బ కొట్టింది అదే. ర్యాపిడ్ యాంటిజెన్ టెస్ట్‌కి ముక్కులో వైరస్ బాగా పోగుపడి ఉండాలి. ఆర్‌టీ-పీసీఆర్ అయితే ఉన్న కొంచెం జన్యుపదార్థాన్నీ కొన్ని కోట్ల రెట్లు పెంచి పట్టుకుంటుంది, ర్యాపిడ్‌కి ఆ సౌకర్యం లేదు. పైగా టీకాలు, పాత ఇన్ఫెక్షన్ల వల్ల ఇప్పుడు మన ఇమ్యూనిటీ తొందరగా మేల్కొంటోంది, గొంతునొప్పి ముందొస్తోంది, వైరస్ లోడ్ మాత్రం మూడు నాలుగు రోజుల తర్వాత గానీ పీక్‌కి వెళ్లడం లేదు. అంటే మొదటి రోజు నెగెటివ్ వస్తే దానర్థం "ఇవాళ దొరకలేదు" అని మాత్రమే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 నుంచీ చెప్పేది ఇదే: లక్షణాలుంటే 48 గంటల తేడాతో కనీసం రెండుసార్లు, లక్షణాలు లేకపోతే మూడుసార్లు చెయ్యాలి. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటించే వీలుంది కాబట్టి, గొంతు గరగరలాడిన రోజున టెస్ట్ ఏం చెప్పినా ఇంట్లో పెద్దవాళ్ల గదిలోకి వెళ్లకపోవడమే తెలివైన పని. ఆయన టెస్ట్ చేసుకోకుండా ఉండి ఉంటే అనుమానంతోనైనా ఆ రాత్రి వేరే గదిలో పడుకునేవారేమో అనిపిస్తుంది నాకు.

నేను రంగంలోకి దిగింది ఆదివారం అర్ధరాత్రి దాటాక. "నాన్నకి ఆక్సిజన్ 88 చూపిస్తోంది, అంబులెన్స్ పిలవమంటారా?" అని ఫోన్. ఇలాంటప్పుడు నేను ముందు అడిగేది మనిషి ఎలా ఉన్నారని, మెషిన్ సంగతి తర్వాత. పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా? పెదాలు నీలంగా ఉన్నాయా? తికమకగా మాట్లాడుతున్నారా? పెద్దాయన వెనక నుంచి "నాకేం కాలేదురా, పడుకోనివ్వండి" అంటున్నది నాకు వినపడుతూనే ఉంది. చేతులు ఎలా ఉన్నాయంటే చల్లగా మంచులా ఉన్నాయన్నారు. జ్వరం ఎక్కేటప్పుడు వణుకుతో చేతులు చల్లబడతాయి, వేళ్లకి రక్తప్రసారం తగ్గుతుంది, ఆక్సీమీటర్ తప్పుడు అంకె చూపిస్తుంది. రెండు చేతులూ బాగా రుద్ది వెచ్చబెట్టి, కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి, చూపుడువేలు బదులు మధ్యవేలికి పెట్టి, తెర మీద అల ఒకే తీరుగా వచ్చేదాకా కదలకుండా ఒక నిమిషం ఆగమన్నాను. 88, 91, 94, చివరికి 96 దగ్గర నిలబడింది. అంబులెన్స్ అక్కర్లేకపోయింది.

దీనికి రెండోవైపు కూడా ఉంది, అది ఇంకా ప్రమాదం. గోళ్లరంగు ఉన్నా మెషిన్ తప్పుతుంది, చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది, అంటే 95 కనపడుతున్నా లోపల తక్కువ ఉండొచ్చు. కోవిడ్‌లో కొందరికి ఆక్సిజన్ పడిపోయినా ఆయాసం తెలియదు. అందుకని కూర్చున్నప్పటి అంకెతో సరిపెట్టను. పక్కన ఒకరు నిలబడి చూస్తుండగా ఒక నిమిషం పాటు కుర్చీలోంచి పదే పదే లేచి కూర్చోమంటాను, 3 పాయింట్లు లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయని అనుమానిస్తాను. పెద్దాయనకి 96 నుంచి 95 అయింది, అంతే.

సోమవారం పొద్దున బయటపడింది అసలు తలనొప్పి. ఆదివారం సాయంత్రం పెద్దాయన గొంతు పట్టేసినట్టుందని చెప్పగానే ఫ్యామిలీ గ్రూపులో ఎవరో బంధువు పాత ప్రిస్క్రిప్షన్ ఫోటో పంపారట. నాకూ ఫార్వర్డ్ చేశారు. స్టెరాయిడ్, అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, జింక్, ఇంకా రెండు విటమిన్లు. పెద్దాయన అప్పటికే రెండు స్టెరాయిడ్ మాత్రలు మింగేశారు. పరగడుపు షుగర్ 290.

స్టెరాయిడ్ గురించి కాస్త గట్టిగానే చెప్తాను. 2020 జూన్‌లో బ్రిటన్‌లో చేసిన రికవరీ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల దాకా ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి లాభమేమీ కనపడలేదు, నష్టం ఉండొచ్చనే సూచనలే కనపడ్డాయి. అదే మందు, టైమ్ తేడా. మొదటి వారంలో వైరస్‌తో పోరాడాల్సిన ఇమ్యూనిటీని అది అణిచేస్తుంది, షుగర్‌ని ఆకాశానికి ఎక్కిస్తుంది. రెండో వేవ్‌లో భారతదేశంలో బ్లాక్ ఫంగస్ అంతగా విజృంభించడానికి అదుపులో లేని షుగర్, ఇష్టమొచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లు ముఖ్య కారణాలు. ఐవర్‌మెక్టిన్, అజిత్రోమైసిన్ రెండూ పెద్ద ట్రయల్స్‌లో కోవిడ్‌కి పనిచెయ్యలేదు. అన్నీ ఆపించేశాను. స్టెరాయిడ్ రెండే మాత్రలు కాబట్టి మెల్లగా తగ్గించే అవసరం రాలేదు. వారాల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం ఇలా ఒక్కసారి ఆపకూడదు.

పెద్దాయనకి నిజంగా పనికొచ్చేది వైరస్‌ని అడ్డుకునే నిర్మాట్రెల్విర్, దానికి తోడు రిటోనావిర్ కలిసిన కోర్సు, ఐదు రోజులు, లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. వయసు, షుగర్, వేసుకోని బూస్టర్, మూడూ ఉన్నాయి కాబట్టి ఆయన ఈ మందుకి సరైన మనిషి. ఇందులో రిటోనావిర్ స్వయంగా వైరస్‌ని ఏమీ చెయ్యదు, లివర్‌లో నిర్మాట్రెల్విర్ తొందరగా విరిగిపోకుండా అడ్డుపడుతుంది, అదే దెబ్బతో ఇంకా చాలా మందులు కూడా విరగకుండా ఒంట్లో పేరుకుపోతాయి. అందుకే అటోర్వాస్టాటిన్ ఆపాం, ఆమ్లోడిపిన్ డోసు సగం చేసి రోజుకి రెండుసార్లు బీపీ చూశాం, కిడ్నీ పరీక్ష రిపోర్ట్ వచ్చాకే డోసు ఖాయం చేశాను (కిడ్నీ పనితీరు మధ్యస్థంగా తగ్గినవాళ్లకి నిర్మాట్రెల్విర్ సగమే ఇవ్వాలి). ఎవరో వాడారు కదా అని ఈ మందు మాత్రం కొని మింగొద్దు.

మిగతా ముగ్గురికి పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి. ఇంకేం లేదు.

ఇప్పుడు ఇంటి గాలి సంగతి, ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. పాజిటివ్ అయిన భార్యాభర్తలు, పాప ఒకే గదిలోకి మారారు, ఒకరి నుంచి ఒకరికి వచ్చిందే కాబట్టి వాళ్లని విడదీసి లాభం లేదు. పెద్దబ్బాయి పై గదిలోనే ఉన్నాడు. పెద్దావిడ పడక హాల్లోకి మారింది, కానీ పెద్దాయన్ని చూసుకోవాల్సింది ఆవిడే, ఇంకెవరూ లేరు. అప్పటికి ఆయన గది కిటికీ బార్లా తెరిచి ఉంచారు, గాలి ఆడాలని. వీడియో కాల్‌లో ఒక పని చేయించాను: తలుపు కొంచెం ఓరగా వేసి, ఆ సందు దగ్గర సన్నటి టిష్యూ పేపర్ ముక్క వేలాడదీయమన్నాను. ముక్క హాలు వైపు ఊగింది. బయటి గాలి కిటికీలోంచి వచ్చి గదిలో ఉన్నదాన్నంతా హాల్లోకి, సరిగ్గా పెద్దావిడ పడుకునే చోటికి తోస్తోందన్నమాట. కిటికీ ముప్పావు వంతు మూయించి, ఆ గది బాత్రూమ్ తలుపు తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయించి, హాలు కిటికీలు పూర్తిగా తెరిపించాను. ఈసారి టిష్యూ గదిలోపలికి లాగింది. ఆస్పత్రుల్లో లక్షలు పోసి కట్టే నెగెటివ్ ప్రెషర్ గదుల సూత్రం ఇదే, కాకపోతే పూర్తిగా అంత కట్టుదిట్టంగా ఉండదు. రోజూ పొద్దున, రాత్రి టిష్యూతో చూసుకోమన్నాను, ఎందుకంటే బయట గాలి మళ్లితే లోపలా మళ్లుతుంది.

ఎగ్జాస్ట్ విషయంలో ఒక హెచ్చరిక. ఆ ఫ్యాన్ గాలి బయటికి పోవాలి, పక్కింటి బాత్రూమ్ కిటికీ తెరుచుకునే ఇరుకు షాఫ్ట్‌లోకి కాదు. ఇంకోటి, నేల మీద నీళ్లుపోయే జాలీ కింద ట్రాప్ (నీళ్లు నిలిచి డ్రైనేజీ గాలిని ఆపే వంపు) ఎండిపోకుండా నీళ్లు పోస్తూ ఉండాలి. 2003లో హాంకాంగ్ అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో పాత సార్స్ మూడొందల మందికి పైగా పాకింది, ఎండిపోయిన ట్రాప్‌ల గుండా డ్రైనేజీ గాలిని బాత్రూమ్ ఫ్యాన్లు లోపలికి లాగడం దానికి ఒక ముఖ్య కారణమని దర్యాప్తులో తేలింది. మన ఇంట్లో బాగానే ఉంది కదా అని వదిలేసే చిన్న విషయం, ఒక చెంబెడు నీళ్లతో పోతుంది.

మాస్క్ దగ్గర కూడా పేచీ వచ్చింది. పెద్దావిడ రెండు బట్ట మాస్కులు ఒకదాని మీద ఒకటి కట్టుకుని లోపలికి వెళ్తున్నారు, కళ్లద్దాలు ఆవిరి పట్టేస్తున్నాయి. అద్దాలకి ఆవిరి పట్టిందంటే ముక్కు దగ్గర సందు ఉందని, గాలి వడకట్టకుండా ఆ సందులోంచే పోతోందని అర్థం. ఎన్95, తల వెనక్కి పట్టీలు ఉండేది, ముక్కు మీది తీగ రెండు చేతుల వేళ్లతో నొక్కి పెట్టుకోమన్నాను. "ఊపిరాడట్లేదమ్మా" అని ఆవిడ కోడలితో గొణిగారు, అందుకని పని అంతా ఒకేసారి పెట్టుకుని లోపల ఉండే టైమ్ తగ్గించాం. పెద్దాయనకి వాల్వ్ లేని మాస్క్, ఎందుకంటే వాల్వ్ ఉంటే పీల్చే గాలిని వడకడుతుంది గానీ వదిలే గాలిని వదిలేస్తుంది, పేషెంట్ విషయంలో మనకి కావాల్సింది దానికి రివర్స్. గొళ్లేలకి బ్లీచింగ్ ఆపేయమన్నాను, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. ఇల్లాలికి ఒక పెద్ద పని తగ్గింది.

పెద్దాయన జ్వరం బుధవారానికి తగ్గింది. జ్వరం తగ్గిందని నిఘా తగ్గించలేదు, కోవిడ్‌లో ఊపిరితిత్తులు దెబ్బతినేది తరచుగా లక్షణాలు మొదలైన ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య. సరిగ్గా చూసిన రీడింగ్ 94 కంటే కింద నిలబడితే, కూర్చున్నా ఆయాసం వస్తే, ఛాతీలో బరువు, మాట తికమక, పెదాలు నీలం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా నాకు ఫోన్ చెయ్యకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లమని కాగితం మీద రాయించి మంచం పక్కన అంటించాం. ఆయన అతి తక్కువ రీడింగ్ 94, అదీ ఒక రాత్రే. షుగర్ నాలుగు రోజుల్లో దారిలోకి వచ్చింది.

మందు కోర్సు అయిపోయి నెగెటివ్ వచ్చాక మళ్లీ ముక్కు కారింది, ర్యాపిడ్ మళ్లీ పాజిటివ్. ఇల్లంతా టెన్షన్. ఇలా తిరగబెట్టడం ఆ మందు వాడినవాళ్లలోనూ, వాడనివాళ్లలోనూ కనపడుతుంది, మామూలుగా తేలిగ్గానే పోతుంది, మళ్లీ కోర్సు అవసరం లేదు, కానీ అంటించే అవకాశం ఉంటుంది కాబట్టి ఇంకొన్నాళ్లు గదిలోనే ఉంచాం.

ఎన్నాళ్లు విడిగా ఉండాలి అన్నదానికి ఒక్కో సంస్థది ఒక్కో మాట. లక్షణాలుంటే పది రోజులని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. జ్వరం తగ్గి, మందు లేకుండా 24 గంటలు గడిచి, ఒంట్లో బాగుంటే బయటికి రావచ్చు, తర్వాత ఐదు రోజులు జాగ్రత్తగా ఉండండని సీడీసీ 2024 మార్చి నుంచి అంటోంది. సీడీసీ మాట ఉద్యోగాలు, బడులు నడవడానికి పనికొస్తుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో నేను మాత్రం 48 గంటల తేడాతో రెండు నెగెటివ్‌లు వచ్చేదాకా గది తలుపు దాటనివ్వను, ఈ ఇంట్లోనూ అదే లెక్క.

ఉద్యోగి గారికి నీరసం నెలన్నర దాకా పోలేదు, మెట్లెక్కితే గుండె దడ. ఈసీజీ, రక్తపరీక్షలు మామూలుగానే ఉన్నాయి, పరుగు మొదలెట్టొద్దని, పనిని కొంచెం కొంచెంగా పెంచమని చెప్పాను, ఇంకా ఫాలో అప్‌లోనే ఉన్నారు. ఆయన భార్యకి పొడిదగ్గు మూడు వారాలు. పాప రెండో రోజే గెంతులు. పెద్దాయనకి అటోర్వాస్టాటిన్, పూర్తి డోసు ఆమ్లోడిపిన్ కోర్సు అయిన కొన్ని రోజులకి మళ్లీ మొదలుపెట్టాం. బూస్టర్ మూడు నెలలు ఆగి వేయించుకుంటానన్నారు, ఇప్పుడే ఇన్ఫెక్షన్ వచ్చింది కాబట్టి ఆ ఆగడం సబబే, తేదీ మాత్రం కోడలు ఫోన్లో రిమైండర్ పెట్టుకుంది.